షుగర్ ఉన్నవారికి రాత్రిపూట చెమటలు: కారణాన్ని వెతికి పట్టుకునే పద్ధతి

నిద్రలో ముచ్చెమటలు పట్టి, బనియనూ దిండూ తడిసిపోయి మెలకువ వచ్చినప్పుడు, షుగర్ ఉన్న మనిషి ఇంట్లో సాధారణంగా రెండు పనులలో ఒకటి జరుగుతుంది. ఉక్కగా ఉందని ఫ్యాను వేగం పెంచి మళ్ళీ పడుకోవడం ఒకటి, షుగర్ పడిపోయి ఉంటుందని కొలవకుండానే రెండు చెంచాల పంచదార నోట్లో వేసుకోవడం రెండోది. రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఆ నిమిషంలో రక్తంలో గ్లూకోజు ఎంత ఉందన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది, తెల్లవారాక ఎంత పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఆ సంగతిని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. కాబట్టి ఈ వెతుకులాట ల్యాబులో కాదు, మంచం పక్కన మొదలవుతుంది.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడుతూ, గది చల్లగా ఉన్నా దుప్పటి పలచనిదే అయినా, వారంలో రెండు మూడు రాత్రులు బట్టలు మార్చుకోవలసినంతగా చెమట పడుతున్నవారి కోసమూ, వారి పక్కన పడుకునేవారి కోసమూ ఇది రాస్తున్నాను. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కరెంటు పోయిన రాత్రి అందరికీ పట్టే చెమట దీని కిందికి రాదు. అదే గదిలో పడుకున్న మిగతావారికి కూడా చెమట పట్టిందా అన్నది మొదట వేసుకోవలసిన ప్రశ్న.

ముందుగా ఆగకూడని సందర్భాలు

కొన్ని చెమటలకు నోటు పుస్తకం తెరిచి కూర్చునే వ్యవధి ఉండదు. ఉన్నట్టుండి చల్లని చెమట పట్టి, దానితోపాటు ఆయాసం, ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, కళ్ళు తిరగడం వంటివి ఏవైనా ఉంటే అది గుండెపోటు కావచ్చు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవారిలో నరాలు దెబ్బతిని ఉండడం వల్ల ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చునన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గ్యాస్ అనుకుని తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి.

మనిషి పిలిస్తే పలకకపోయినా, మాట తడబడుతున్నా, మింగలేని స్థితిలో ఉన్నా నోట్లో పంచదార నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. ఇంట్లో షుగర్‌ను పెంచే గ్లూకగాన్ సూదిమందు ఉండి, వేయడం నేర్చుకున్నవారుంటే వేయవచ్చు. ఇక మనిషి తెలివిగానే ఉండి, చేతులు వణుకుతూ చెమటలు కారుతున్నాయి గానీ గ్లూకోమీటర్ అందుబాటులో లేదంటే, కొలత కోసం ఆగకుండా గ్లూకోజు ఇచ్చేయాలి. కొలవకుండా పంచదార తినవద్దని నేను అంటున్నది మీటరు చేతికందే దూరంలో ఉన్న ఇంటి గురించి.

మంచం పక్కన ఉండవలసినవి, చేయవలసినవి

గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్పులు, సూదులు, జ్వరం చూసే థర్మామీటరు, గ్లూకోజు పొడి, ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను ఒక డబ్బాలో పెట్టి తలాపున ఉంచండి. బీపీ మిషను ఉంటే దాన్ని కూడా పక్కనే పెట్టుకోండి. స్ట్రిప్పుల సీసా మూత బిగించి ఉండాలి. కోస్తా ఊళ్ళలో గాలి తేమకు తెరిచి ఉంచిన స్ట్రిప్పులు త్వరగా పాడై తప్పు అంకెలు చూపుతాయి.

చెమటతో మెలకువ రాగానే లేచి చేతులు కడుక్కుని, పొడి గుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి. వేలిమీది చెమటగానీ నీళ్ళుగానీ రక్తపు చుక్కలో కలిస్తే అంకె తప్పుతుంది. సాయంత్రం తిన్న మామిడిపండు రసం వేలికి అంటుకుని ఉంటే 60 ఉన్న షుగర్ 150గా కనిపించడానికి కూడా అవకాశం ఉంది. వేలి చివర మధ్యభాగంలో కాకుండా పక్కన గుచ్చి, చుక్కను పిండకుండా దానంతట అదే వచ్చేలా చూసి కొలవండి. అంకెతోపాటు సమయం రాయండి. తర్వాత జ్వరం చూసి అదీ రాయండి. చెమట ఒళ్ళంతా పట్టిందా, తలా మెడా మాత్రమే తడిశాయా, చర్మం చల్లగా ఉందా వేడిగా ఉందా, గుండెదడ ఉందా, పీడకల వచ్చిందా, ఆకలిగా ఉందా అన్నవి నాలుగు ముక్కల్లో రాస్తే చాలు. తెల్లవారాక గుర్తుంటాయిలే అనుకోవద్దు. షుగర్ పడిపోయిన రాత్రి జ్ఞాపకం మసకగా ఉంటుంది, ఆ మసకే ఒక లక్షణం.

డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే షుగర్ తగ్గినట్టే లెక్క. 54 కంటే తక్కువైతే అది తీవ్రంగా పట్టించుకోవలసిన విషయం, మరుసటి రోజే డాక్టరుకు చెప్పాలి. 70 కంటే తక్కువ కనిపిస్తే 15 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ కొలవాలి. ఇంకా 70 దాటకపోతే మరోసారి తీసుకోవాలి. దాటిన తర్వాత ఉదయం దాకా నిలబడేలా రెండు బిస్కెట్లో, కొంచెం అన్నమో, ఒక గ్లాసు పాలో తీసుకుని పడుకోవచ్చు. అకార్బోజ్ లేదా వోగ్లిబోజ్ కలిసిన మాత్రలు వాడేవారికి మాత్రం మామూలు పంచదార త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదారను పేగులో విడగొట్టే పనినే ఆ మందులు నెమ్మదింపజేస్తాయి. అలాంటివారు గ్లూకోజు పొడినే దగ్గర ఉంచుకోవాలి.

గ్లూకోమీటరు అంకెను బంగారపు తూకంలా చూడకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 100 లోపు అంకెల్లో మంచి మీటరుకు కూడా 15 దాకా అటూ ఇటూ తేడా ఉండవచ్చు. కాబట్టి మీటరు 76 చూపినా లక్షణాలు స్పష్టంగా ఉంటే తగ్గినట్టే భావించి గ్లూకోజు తీసుకోవడం మేలు, కాగితం మీద మాత్రం 76 అనే రాయండి.

చెమట పట్టినా మెలకువ రానివారున్నారు. ఉదయం తలనొప్పి, ఒళ్ళు నొక్కేసినట్టు ఉండడం, తడిసి ఆరిన బట్టల వాసన, రాత్రి నిద్రలో గొణిగారనో కేకలు వేశారనో పక్కవారు చెప్పడం మాత్రమే వారికి మిగిలే ఆనవాళ్ళు. వారు పడుకునే ముందు ఒకసారి, రెండూ మూడు గంటల మధ్య అలారం పెట్టుకుని ఒకసారి, లేవగానే ఒకసారి కొలవాలి. ఒక్క రాత్రి కొలిచి ఏమీ లేదని వదిలేయకుండా, భోజనమూ పనీ వేర్వేరుగా ఉన్న రోజులు కలిసేలా కనీసం నాలుగైదు రాత్రులు ఇలా చేయాలి.

స్తోమత ఉంటే చేతికి అంటించుకునే గ్లూకోజు సెన్సరు రెండు వారాలపాటు రాత్రింబవళ్ళు గీత గీసి చూపిస్తుంది, ఈ పనికి అంతకంటే మంచి సాధనం లేదు. అయితే సెన్సరు ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే, ఆ ఒత్తిడికి అది లేని తగ్గుదలను చూపిస్తుంది. గీత ఉన్నట్టుండి కిందికి పడి, పక్కకు తిరగగానే మళ్ళీ మామూలుగా లేస్తే అనుమానించాలి. సెన్సరు తక్కువ చూపినప్పుడు వేలి రక్తంతో ఒకసారి సరిచూసుకోండి.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. పగలు 220, రాత్రి 50 ఉండే మనిషికి కూడా సగటు చక్కగానే రావచ్చు. ఏడు లోపు వచ్చిందని ఇంట్లో సంబరపడే అంకె వెనక ఇలాంటి రాత్రులు దాగి ఉండే అవకాశం ఉంది.

అలాగే, ఉదయం పరగడుపున షుగర్ ఎక్కువగా ఉంటే రాత్రి తప్పకుండా పడిపోయి తిరిగి ఎగబాకిందనే మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. 1930లలో సోమోగ్యి అనే శాస్త్రవేత్త ఈ వాదన చేశారు. సెన్సర్లు వచ్చాక చూస్తే, ఉదయం పెరుగుదలలో ఎక్కువ భాగం తెల్లవారుజామున శరీరంలో పెరిగే హార్మోన్ల వల్లనో, రాత్రి మందు చాలకపోవడం వల్లనో వస్తున్నదని తేలింది. అందువల్ల ఉదయపు అంకెను చూసి రాత్రి జరిగినదాన్ని ఊహించకుండా, మూడు గంటలకు కొలిచే తేల్చుకోవాలి.

అంకె తక్కువగా ఉంటే: ఎందుకు పడిపోతోంది

షుగర్ పడిపోయినప్పుడు పట్టే చెమట శరీరం వేసే కేక లాంటిది. గుండెదడ, వణుకు, చెమట మూడూ అప్రమత్తమైన నరాల పనే, కానీ చెమటను నడిపే నరాల చివర పనిచేసే రసాయనం వేరు. అందుకే బీపీకో గుండెకో ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో దడ, వణుకు అణిగిపోయి చెమట ఒక్కటే మిగలవచ్చు. అలాంటివారు వేరే లక్షణమేదీ లేదు కదా అని చెమటను తేలికగా తీసుకోకూడదు.

కారణం వెతకడానికి ముందు మాత్రల రేకును వెనక్కి తిప్పి చదవండి. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, డపాగ్లిఫ్లోజిన్, పయోగ్లిటజోన్ అనేవి ఇన్సులిన్‌తోగానీ సల్ఫొనైల్‌యూరియాతోగానీ కలవకుండా వాడినప్పుడు షుగర్‌ను మరీ కిందికి లాగడం అరుదు. లాగేవి సల్ఫొనైల్‌యూరియా రకానికి చెందిన గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్. వీటిలో గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు నిలుస్తుంది, పెద్ద వయసువారిలో, కిడ్నీ బలహీనపడినవారిలో మరీ ప్రమాదకరం. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మామూలైపోయింది కాబట్టి, తాను మెట్‌ఫార్మిన్ మాత్రమే వేసుకుంటున్నానని నమ్మే మనిషి రోజూ రెండు పూటలా గ్లిమెపిరైడ్ కూడా మింగుతూ ఉండవచ్చు. రేకు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నిటినీ పుస్తకంలో ఎక్కించండి.

తర్వాత రాత్రి భోజనం గురించి అడగాలి. మా నాన్నగారు అలాంటి కలిపిన మాత్రనే ఏళ్ళ తరబడి రెండు పూటలా వాడారు, ఏ ఇబ్బందీ లేదు. అరవై ఎనిమిదో ఏట బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలకు మారారు. మాత్ర మాత్రం మారలేదు, అది మార్చాలని మాకెవరికీ తోచలేదు. మూడు వారాలు తిరిగేసరికి రాత్రి రెండింటికి చెమటలు మొదలయ్యాయి. ఎండాకాలం కదా అని కూలరు కొన్నాము. ఆరు వారాల తర్వాత ఒక రాత్రి మా అమ్మ పట్టుబట్టి కొలిపిస్తే 52 ఉంది. పరీక్ష చేయిస్తే కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ కూడా ఏడాది కిందటి 1.2 నుంచి 1.7కి చేరింది. డాక్టరు రాత్రి మాత్ర మార్చిన వారం లోపు చెమటలు ఆగిపోయాయి. ఆ ఆరు వారాల్లో ఏ రాత్రైనా ఏదైనా జరిగి ఉండవచ్చునన్న తలంపు నన్ను ఇప్పటికీ వదలదు.

అన్నం నుంచి పుల్కాకు, పుల్కా నుంచి రాగిజావకు, ఎనిమిదింటి భోజనం నుంచి ఆరింటి భోజనానికి మారడం మంచి ఉద్దేశంతో చేసేదే. కానీ మందు మోతాదు పాత భోజనానికి సరిపడా కట్టినది. అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం, కార్తీక సోమవారాల ఉపవాసం, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. ఆచారం పాటించాలనుకునేవారు మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడి మందుల సమయాలు మార్పించుకోవాలి.

ఇన్సులిన్ వాడేవారు మరికొన్ని చూసుకోవాలి. 30/70 మిశ్రమ ఇన్సులిన్ రాత్రి ఏడున్నరకు వేసుకుంటే, అందులోని తెల్లగా మబ్బుగా ఉండే భాగం నాలుగు గంటల తర్వాత బలం పుంజుకుని నడిరాత్రి దాటాక కూడా గట్టిగా పనిచేస్తుంటుంది. మనం తిన్న అన్నం అప్పటికి ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఆ సీసాను వేసుకునే ముందు అరచేతుల మధ్య మెల్లగా పది ఇరవైసార్లు దొర్లించి కలపకపోతే ఒకరోజు బలహీనంగా, ఒకరోజు బలంగా పడుతుంది.

సిరంజి విషయం మరీ ముఖ్యం. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్ను కార్ట్రిడ్జిలోది 100 యూనిట్లది. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మోతాదు లోపలికి పోతుంది, 20 గీత దాకా తీస్తే నిజానికి 50 యూనిట్లు పడుతుంది. మందుల షాపు మారినప్పుడు, అమెరికా నుంచి వచ్చిన పిల్లలు సీసాలు తెచ్చినప్పుడు, పెన్ను పాడైతే కార్ట్రిడ్జిలోంచి సిరంజితో లాగినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒక్కటేనా అని దీపం వెలుగులో చూడండి.

ఇన్సులిన్ వేసుకునే పొట్ట, తొడల చర్మాన్ని వేళ్ళతో తడిమి చూడండి. ఒకేచోట పదే పదే గుచ్చితే కొవ్వు గట్టిపడి ముద్దలా తయారవుతుంది. నొప్పి తెలియదు కాబట్టి చాలామందికి అక్కడే గుచ్చుకోవడం హాయిగా ఉంటుంది. ఆ ముద్దలోంచి మందు ఎప్పుడు ఎంత పీల్చుకుంటుందో చెప్పలేము. పైగా అక్కడ పనిచేయడం లేదని మోతాదు పెంచుతూ పోయి, ఒకరోజు పక్కనున్న మంచి చర్మంలో గుచ్చితే అంతా ఒక్కసారిగా పనిచేసి రాత్రికి షుగర్ పడిపోతుంది. చోటు మార్చాలనుకున్నప్పుడు మోతాదు తగ్గించాలేమో డాక్టరును అడిగి మరీ మార్చండి.

మందు మారలేదు, తిండి మారలేదు, అయినా పడిపోతుంటే కిడ్నీని చూపించుకోవాలి. కిడ్నీ మందగిస్తే ఇన్సులినూ, కొన్ని మాత్రలూ శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతాయి. షుగర్ దానంతట అదే తగ్గుతోంది, జబ్బు నయమవుతోంది అని సంతోషించేవారిలో కొందరికి నిజంగా జరుగుతున్నది ఇది. బరువు తగ్గడం, ఉబ్బసానికో కీళ్ళ నొప్పులకో వాడిన స్టెరాయిడ్ ఆపేయడం కూడా పాత మోతాదును ఎక్కువ మోతాదుగా మార్చేస్తాయి. కొత్తగా వాడిన యాంటీబయాటిక్ ఏదైనా ఉంటే రాయండి. క్లారిత్రోమైసిన్, కో-ట్రైమాక్సజోల్, ఫ్లోరోక్వినొలోన్ రకం మందులు గ్లిమెపిరైడ్ వంటి వాటితో కలిసి షుగర్‌ను కిందికి తోయగలవు. ఆ జాతిలోనిదే అయిన గాటిఫ్లాక్సాసిన్‌ను షుగర్‌ను అతలాకుతలం చేస్తున్నందుకు 2011లో మన దేశంలో నిషేధించారు.

మద్యం, కల్లు తాగిన రాత్రి సంగతి దాచకుండా రాయాలి. ఆల్కహాలును అరిగించుకునే పనిలో పడిన కాలేయం గ్లూకోజు తయారు చేయడం తగ్గిస్తుంది, దాని ప్రభావం తాగిన చాలా గంటల తర్వాత నిద్రలో బయటపడుతుంది. మత్తూ, షుగర్ పడిపోవడమూ చూసేవారికి ఒకేలా కనిపించడం ఇందులో ఉన్న అసలు ప్రమాదం. సాయంత్రం ఎక్కువ నడిచిన రోజు, పొలంలో కలుపు తీసిన రోజు, పెళ్ళిలో రోజంతా నిలబడిన రోజు కూడా గుర్తు పెట్టండి. కండరాలు ఖర్చు చేసిన గ్లూకోజును రాత్రంతా తిరిగి నింపుకుంటూ ఉంటాయి.

కారణం తెలిసిందని ఎవరికి వారు మందు ఆపేయకూడదు. ముఖ్యంగా శరీరంలో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 షుగర్ ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫోను చేసి అంకెలు చదివి వినిపించి, ఆ రాత్రికి ఎంత వేసుకోవాలో అడగండి. పడుకునే ముందు 100 కంటే తక్కువ ఉంటే ఏం చేయాలో కూడా అప్పుడే అడిగి రాసుకోండి.

అంకె మామూలుగా ఉంటే

షుగర్ ఉన్నంత మాత్రాన ఒంట్లో వచ్చే ప్రతి మార్పూ దాని వల్లే కాదు. మా పిన్నికి రాత్రి చెమటలు పట్టినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు గ్లూకోజు కలిపి ఇచ్చారు. నెల తర్వాత కొలవడం మొదలుపెడితే ప్రతి రాత్రీ 160 పైనే ఉంది. థర్మామీటరు పెడితే సాయంత్రం వందన్నర జ్వరం కనిపించింది. మెడ పక్కన చిన్న బిళ్ళ కట్టి ఉందని అప్పుడు గాని ఎవరూ తడిమి చూడలేదు. దగ్గు లేదు, కళ్ళె లేదు, అయినా అది క్షయ అని బిళ్ళలోంచి సూదితో తీసిన నమూనాలో తేలింది.

మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మిగతావారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచంలోని క్షయ కేసులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. కాబట్టి చెమటతోపాటు సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, రెండు వారాలు దాటిన దగ్గు వీటిలో ఏ ఒక్కటున్నా క్షయ పరీక్ష వాయిదా వేయకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా కళ్ళె పరీక్ష ఉచితంగా జరుగుతుంది, సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రం మీద చేసే పరీక్ష కొన్ని గంటల్లోనే ఫలితం ఇస్తుంది. షుగర్ ఉన్నవారి ఎక్స్‌రేలో మచ్చ అలవాటుగా కనిపించే పైభాగంలో కాకుండా ఊపిరితిత్తి కింది భాగంలో కనిపించవచ్చు, అందుకే దాన్ని మామూలు నిమోనియాగా పొరబడే అవకాశం ఉంది. క్షయ అని తేలితే రిఫాంపిసిన్ అనే మందు షుగర్ మాత్రల బలాన్ని తగ్గిస్తుందని, చికిత్స నడిచినంత కాలం షుగర్ మోతాదు మళ్ళీ సరిచూడాలని క్షయకూ షుగర్‌కూ చూసే ఇద్దరు డాక్టర్లకూ తెలియజేయండి.

వానాకాలంలో పొలం బురదలో పనిచేసే షుగర్ రోగికి వదలని జ్వరం, చెమటలు, ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో చీము గడ్డలు కనిపిస్తే మెలియాయిడోసిస్ అనే జబ్బును కూడా గుర్తు చేయాలి. దాని సూక్ష్మజీవి మట్టిలో, నీటిలో ఉంటుంది, అది సోకేవారిలో షుగర్ ఉన్నవారే ఎక్కువ. క్షయలా కనిపించి మోసం చేస్తుంది, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తాన్ని, అందులోని సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్‌కు పంపితే దొరికే అవకాశం మెరుగ్గా ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షను, కాలి పుండులో లోతుగా చేరిన చీము, మలేరియా, గొర్రెలూ మేకలూ కాసేవారిలోనూ పచ్చి పాలు తాగేవారిలోనూ వచ్చే బ్రుసెల్లోసిస్, హెచ్ఐవీ కూడా వెతకవలసినవే.

జ్వరం లేదు, షుగర్ బాగుంది, అయినా చెమట పడుతోందంటే దారి మారుతుంది. గుండెదడ, చేతుల వణుకు, తిన్నా బరువు తగ్గడం, పగలు కూడా ఉక్కను ఓర్చుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో టీఎస్‌హెచ్ పరీక్షతో తెలుస్తుంది. నలభై అయిదు దాటిన స్త్రీలలో నెలసరి తప్పుతూ, ముఖంలోంచి ఛాతీదాకా వేడి ఆవిరి పొంగినట్టయి చెమట పడితే అది ముట్లుడిగే దశ లక్షణం కావచ్చు. వీరికి షుగర్ పడిపోయినప్పుడు వచ్చే చెమటా, ఇదీ ఒకేలా అనిపిస్తాయి, విడదీసి చెప్పేది మళ్ళీ ఆ వేలి రక్తపు చుక్కే. పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవారు, పగలు కూర్చున్నచోటే నిద్రపోయేవారు నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు పరీక్ష చేయించుకోవాలి. లావుగా ఉన్న షుగర్ రోగులలో ఇది తరచుగా ఉంటుంది, ఉన్నా బయటపడకుండా ఏళ్ళు గడుస్తాయి.

మందుల్లో కూడా చెమట పట్టించేవి ఉన్నాయి. షుగర్ వల్ల అరికాళ్ళ మంటలు ఉన్నవారికి రాసే డులోక్సెటిన్, దిగులుకు వాడే సెర్ట్రలిన్, వెన్‌లాఫాక్సిన్, నొప్పికి వాడే ట్రమడాల్ వాటిలో కొన్ని. ఆ మాత్ర మొదలైన తేదీ, చెమట మొదలైన తేదీ పక్కపక్కన రాస్తే చాలాసార్లు సంగతి తేలిపోతుంది.

భోజనం చేస్తుండగానే తల, ముఖం, మెడ తడిసిపోయి, పాదాలు మాత్రం పొడిబారి పగిలి ఉంటే, షుగర్ వల్ల చెమట నరాలే దెబ్బతిన్నాయేమో అడగాలి. అలాంటివారిలో షుగర్ పడిపోయినప్పుడు హెచ్చరికగా రావలసిన చెమట క్రమంగా రాకుండా పోతుంది కూడా, కాబట్టి చెమట తగ్గిందని సంతోషించే ముందు రాత్రి అంకెలు చూసుకోవాలి.

మరొక సందర్భం ఉంది. నెలల తరబడి 300 మీద ఉన్న షుగర్ చికిత్సతో 120కి దిగినప్పుడు, నిజంగా తగ్గకపోయినా శరీరం తగ్గినట్టే భావించి చెమట, దడ తెప్పిస్తుంది. శరీరం కొత్త అంకెకు అలవాటు పడ్డాక కొద్ది వారాల్లో ఇది సద్దుమణుగుతుంది. ఈ దశలో పంచదార తిని మళ్ళీ 300కి తీసుకుపోవడం సరికాదు.

మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పి లేని బిళ్ళలు, ఆరు నెలల్లో శరీర బరువులో పదో వంతుకు మించి తగ్గడం, రాత్రిపూట పక్కబట్టలు పిండేంత చెమట కలిసి ఉంటే లింఫోమా అనే రక్త సంబంధిత క్యాన్సరును తోసిపుచ్చేదాకా వదలకూడదు. షుగర్ వల్లే సన్నబడ్డారని సరిపెట్టుకోవడం ఇక్కడ ఖరీదైన పొరపాటు అవుతుంది.

డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళవలసినవి

కనీసం వారం పది రోజుల పుస్తకం, వాడుతున్న మాత్రల రేకులన్నీ, ఇన్సులిన్ సీసా, సిరంజి, మీటరు స్వయంగా తీసుకెళ్ళండి. ఆయుర్వేద చూర్ణాలు, కషాయాలు ఏవైనా ఉంటే అవీ చూపించండి. చెమటలు వస్తున్నాయని మాత్రమే చెబితే ఉక్క వల్ల అన్న సమాధానం రావచ్చు. పదిహేను రాత్రుల్లో ఆరు రాత్రులు రెండింటికీ మూడున్నరకూ మధ్య చెమట పట్టింది, అందులో నాలుగుసార్లు షుగర్ 60 లోపు ఉంది, జ్వరం లేదు అని చెబితే డాక్టరు ఆలోచన మొదటి నిమిషంలోనే సరైన చోటికి వెళుతుంది.

అంకెలు తక్కువ అని తేలితే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, మోతాదు సవరణ ముందుగా జరుగుతాయి. టైప్ 1 ఉన్నవారిలో కారణం లేకుండా పదే పదే పడిపోతూ, బీపీ తక్కువగా ఉండి, బరువు తగ్గుతుంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి మందగించిందేమో చూడడానికి ఉదయపు కార్టిసాల్ పరీక్ష అవసరమవుతుంది. అంకెలు మామూలైతే రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ, ఒంట్లో వాపునో ఇన్‌ఫెక్షన్‌నో సూచించే ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, టీఎస్‌హెచ్ వంటివి మొదటి వరసలో వస్తాయి. తలనొప్పి, దడ, చెమట మూడూ కలిసి వచ్చి ఆ సమయంలో బీపీ విపరీతంగా పెరుగుతుంటే అడ్రినల్‌లో గడ్డ కోసం వెతుకుతారు, అది అరుదైనదే అయినా మంచం పక్కన బీపీ కొలిచి రాయకపోతే ఎవరికీ అనుమానం రాదు. ఒకేసారి అరవై పరీక్షల ప్యాకేజీ చేయించుకుని ఆ కాగితాల కట్టతో వెళ్ళడం కంటే, పుస్తకం చూపించి తర్వాతి పరీక్ష ఏదని అడగడం డబ్బుకూ మంచిది, మనిషికీ మంచిది.

మందు మార్చిన తర్వాత పుస్తకాన్ని అటక మీద పడేయకండి. మోతాదు తగ్గించాక మరో రెండు వారాలపాటు అంతకుముందు చెమట పట్టిన అదే వేళకు కొన్ని రాత్రులు కొలిచి, తెల్లవారుజాము అంకె 70 దిగకుండా, ఉదయం అంకె మరీ ఎగబాకకుండా ఉన్నదా అని సరిచూడండి. అంకె బాగుపడి చెమట మాత్రం అలాగే ఉంటే, అప్పుడు రెండో కారణం కూడా ఉన్నట్టు. థర్మామీటరు తీసి మళ్ళీ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టండి.